దగ్గరగా వేసిన తలుపు

చర్లలో వాన పట్టిందంటే మూడు రోజులకు గాని వదలదు. తాలిపేరు నిండింది, గేట్లు ఎత్తారు అని వార్త వస్తుంది. భద్రాచలం బస్సు వస్తుందో రాదో తెలియదు. కరెంటు సంగతి చెప్పనే అక్కరలేదు. అటువంటి రోజుల్లో మాబోటి మేష్టర్లకు పుస్తకం ఒక్కటే కాలక్షేపం. ఈ వానాకాలం నేను చదివినవన్నీ ఒకే కోవకు చెందిన పుస్తకాలు. దేవుడి పేరు చెప్పి ఒక మనిషి చుట్టూ అల్లుకొన్న గుంపుల్లో చిక్కుకొని, ఏళ్ళ తర్వాత ఎలాగో బయటపడ్డవాళ్ళ కథలు. కొన్ని క్రైస్తవ జీవితాన్ని గురించిన నవలలు, కొన్ని సొంత అనుభవాలు.

"తెలుగు చెప్పుకొని బతికేవారికి తిక్కన్న, పోతన్న ఉండగా ఈ గొడవ ఎందుకు పట్టింది?" అని మా ఆవిడ అడిగింది. పాఠకులూ అడుగుతారు. అంచేత ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పుస్తకాల జోలికి వెళతాను.

మా వీధి చివర ఒక క్రైస్తవ కుటుంబం ఉన్నది. దుమ్ముగూడెం మిషను నాటినుంచీ గుడికి వెళ్ళే వంశం. 1860 దశకంలో గోదావరి మీద పడవల దారికోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని నడుస్తున్నప్పుడు, అక్కడి ఇంజనీరు హేగ్ దొర పూనికతో చర్చి మిషనరీ సొసైటీ వారు కోయవారి మధ్య పని మొదలుపెట్టారు. ఈ ప్రాంతంలో చాలామంది తాతలకు మొదటి పలక అందింది ఆ మిషను బడిలోనే. ఆ కుటుంబంలోని కుర్రవాడు ఇంటర్మీడియట్‌లో నా దగ్గర చదువుకొన్నాడు. గుండ్రని దస్తూరి, పద్యం చదివితే గొంతు ఖంగుమనేది. డిగ్రీకి పట్నం వెళ్ళాడు. రెండో ఏడు అక్కడ ఒక ప్రార్థన గుంపులో చేరాడు.

ఆ ఏడు క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడవచ్చాడు. వాళ్ళ నాయకుడి సంగతి చెప్పాడు. ఆయనతో దేవుడు నేరుగా మాట్లాడతాడట. ఆయన గుంపులో చేరినవారికే రక్షణ అట. తాతలు కట్టుకొన్న గుడి చచ్చిన గుడి అట. అప్పుడు మా ఇంట్లో మరి నలుగురు కూర్చొని ఉన్నారు. నేను వేమన పద్యం ఒకటి అందుకొని, అతని నాయకుడి మీద ఒక చమత్కారం విసిరాను. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. కుర్రవాడి ముఖం ఎర్రబడింది. "వస్తాను సార్" అని లేచి వెళ్ళిపోయాడు. మూడేళ్ళపాటు చర్ల ముఖం చూడలేదు.

ఆ మూడేళ్ళు వాళ్ళ అమ్మ పడ్డ బాధ వీధి అంతా చూసింది. మొదట వారానికొకసారి ఫోను వచ్చేది, అదీ నాయకుడు ఒప్పుకొంటేనే. తర్వాత నెలకు ఒకటి. తర్వాత ఆ నంబరే పనిచేయలేదు. ఫీజుకని పంపిన డబ్బు ఎటు పోయిందో కాలేజీ నుంచి ఉత్తరం వస్తేగాని తెలియలేదు. తండ్రి రెండుసార్లు పట్నం వెళ్ళి గేటు దగ్గరనుంచే తిరిగివచ్చాడు. ఆ తల్లి మాత్రం రాత్రిళ్ళు వీధి తలుపుకు గడియ పెట్టడం మానేసింది. దగ్గరగా వేసి పడుకొనేది. అడవి పక్క ఊరు, కుక్కలూ దొంగలూ ఉన్నారు, ఇదేం పని అని చుట్టుపక్కలవాళ్ళు కోప్పడ్డారు. నేనూ ఒకసారి చెప్పాను.

"వాడు ఏ అర్ధరాత్రో వస్తే తలుపు కొట్టడానికి మొగమాటపడతడు సారూ" అన్నది.

ఈ ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆఖరి బస్సుకు వచ్చాడు. తలుపు తోసుకొని లోపలికి వెళ్ళాడు. "బువ్వ తిన్నావా బిడ్డా" అన్న మాట తప్ప ఆ రాత్రి తల్లి మరేమీ అడగలేదట.

వీధిలోవాళ్ళంతా చూసి వచ్చారు. నాకు మాత్రం కాలు కదలలేదు. ఏ ముఖం పెట్టుకొని వెళ్ళను? వెళ్ళినా ఏం మాట్లాడాలి? ఈసారి నోరు తెరిచేముందు తెలుసుకొని తెరుద్దామని ఈ పుస్తకాలు తెప్పించుకొన్నాను.

మొట్టమొదట మాట దగ్గరే తడుముకొన్నాను. ఇంగ్లీషులో 'కల్ట్' అంటారు. దానికి తెలుగు ఏది? శాఖ అనేది మర్యాద గల మాట. సంప్రదాయం ఇంకా పెద్ద మాట. ముఠా అంటే దొంగలు గుర్తుకొస్తారు. మా కాలేజీ పిల్లలకు ఆ ఇంగ్లీషు మాట బాగానే తెలుసు. తమకు నచ్చిన సినిమాను 'కల్ట్ బొమ్మ' అంటారు. అది వాళ్ళ దృష్టిలో గొప్ప పొగడ్త! చివరికి గుంపు అనే పేదమాటతోనే సరిపెట్టుకొన్నాను. అయితే ఏది మతం, ఏది ఇటువంటి గుంపు? నమ్మకం వింతగా ఉన్నంత మాత్రాన అది చెడ్డదని అనలేము. మన నమ్మకాలు పొరుగువాడికి వింతే. కొత్తది కావడమూ నేరం కాదు; ప్రతి పాత మతమూ ఒకనాడు కొత్తదే. పుస్తకాలన్నీ చదివాక నాకు దొరికిన కొలబద్ద ఒకటే: తలుపు. లోపలికి రావడం ఎంత సులువో, బయటికి పోవడమూ అంత సులువుగా ఉన్నదా? పోయినవాడు సంతలో ఎదురైతే పలకరిస్తారా? లోపల ఉన్నవాడు ప్రశ్న అడిగి నిశ్చింతగా నిద్రపోగలడా?

ఈ కొలబద్దను దృష్టిలో పెట్టుకొని పాత పుస్తకంతో మొదలుపెడదాం. ఎడ్మండ్ గాస్ అనే ఆంగ్ల రచయిత 1907లో 'ఫాదర్ అండ్ సన్' అనే పుస్తకం వెలువరించాడు. మొదట తన పేరు కూడా వేసుకోలేదు. తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ సముద్రజీవుల మీద పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడు. ప్లిమత్ బ్రెదరెన్ అనే కట్టుదిట్టమైన క్రైస్తవ సమాజంలో సభ్యుడు. ఈ బ్రెదరెన్ మనకు పరాయివారు కారు. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఆ సమాజం వారే. మన గోదావరి దిగువన నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషను వారి చేతిమీదుగా మొదలయింది. ఆ సమాజాన్ని నేను చెబుతున్న గుంపుల్లో కలపడం న్యాయం కాదు. కాని ఒక ఇంట్లో ఒకే ఒక్కరి నమ్మకం గాలిలాగా నిండిపోతే, అందులో పెరిగే పిల్లవాడికి ఊపిరి ఎలా ఆడుతుందో గాస్ చెప్పినట్లు చెప్పినవారు తక్కువ.

తండ్రికి క్రిస్మసు పండుగ విగ్రహారాధనతో సమానం. ఒక క్రిస్మసునాడు ఇంట్లో పనిచేసే అమ్మాయిలు జాలిపడి పిల్లవాడికి చాటుగా కొంచెం పుడ్డింగు పెట్టారు. తిన్నవాడు పాపభీతితో గిలగిలలాడి తండ్రికి చెప్పేశాడు. ఆయన మిగిలిన పుడ్డింగును తీసుకుపోయి బూడిదలో పారేశాడు. మరొకసారి ఆ పిల్లవాడు నిజం తేల్చుకొందామని ఒక కుర్చీని ఎదురుగా పెట్టుకొని దానికి ప్రార్థన చేశాడు. పిడుగు పడలేదు. ఏమీ కాలేదు! చదువుతుంటే నవ్వొస్తుంది, వెంటనే గొంతు పట్టుకొంటుంది. ఎందుకంటే ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. కొడుకును ప్రాణంగా ప్రేమించాడు. కొడుకుకూ ఆయన మీద ప్రేమే. విడిపోవడం కష్టమైంది అందుకే.

ఇక నవలల సంగతి. ఫ్రాన్సిన్ రివర్స్ అనే అమెరికను రచయిత్రి 1998లో రాసిన 'ది లాస్ట్ సిన్ ఈటర్' పూర్తిగా క్రైస్తవ భక్తితో రాసిన నవల. 1850ల నాటి కథ. కొండల నడుమ ఒక లోయ, వేల్సు దేశంనుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఎవరైనా చనిపోతే ఒక మనిషి వచ్చి శవం దగ్గర పెట్టిన రొట్టె తిని, మద్యం తాగి, చచ్చినవారి పాపాలు తనమీద వేసుకొని కొండకు వెళ్ళిపోతాడు. అతని ముఖం ఎవరూ చూడకూడదు. చెల్లెలి చావుకు తానే కారణమని కుమిలిపోయే పదేళ్ళ పిల్ల ఆ కట్టడిని మీరి అతన్ని వెతుక్కుంటూ వెళుతుంది. లోయను గుప్పిట్లో పెట్టుకొన్న పెద్దమనిషి ఈ ఆచారాన్ని ఎందుకు కాపాడుతున్నాడో, దాని వెనుక ఏ పాతనేరం దాగి ఉన్నదో మెల్లగా బయటపడుతుంది. అడవి అంచున ఉండే మాకు ఆ లోయ పరాయిగా తోచలేదు. ఒక్కటే లోటు. నవలలో నిజం బయటపడగానే చీకటి విడిపోతుంది. బతుకులో అంత తొందరగా విడిపోదు.

ఆ తొందర లేని నవల మిరియం టేవ్స్ రాసిన 'విమెన్ టాకింగ్'. 2018లో వచ్చింది. రచయిత్రి మెనొనైట్ అనే క్రైస్తవ సమాజంలో పుట్టి పెరిగి బయటికి వచ్చిన కెనడా స్త్రీ. బొలీవియా దేశంలోని ఒక మెనొనైట్ గ్రామంలో 2005, 2009 మధ్య నిజంగా జరిగిన ఘోరం దీనికి ఆధారం. కొందరు మగవాళ్ళు రాత్రివేళ ఇళ్ళలోకి మత్తుమందు చల్లి స్త్రీల మీద అకృత్యాలు చేశారు. తెల్లవారి ఆ స్త్రీలు మొత్తుకొంటే, అది దయ్యాల పని అన్నారు. నవలలో ఎనిమిదిమంది స్త్రీలు గడ్డివాము అటకమీద చేరి మూడు దారులను గురించి మాట్లాడుకొంటారు: ఊరకుండడమా, ఉండి పోరాడడమా, వెళ్ళిపోవడమా? వాళ్ళకు చదువు రాదు కనుక మూడు బొమ్మలు గీసుకొంటారు. ఊరిదాటి వాళ్ళెన్నడూ పోలేదు, బయటి భాష రాదు. ఎన్నేళ్ళ మగపిల్లలవరకు వెంట తీసుకుపోవచ్చు? క్షమించకపోతే పరలోకం దక్కదంటారే, మరి బలవంతాన చేసిన క్షమ క్షమేనా? ఇటువంటి ప్రశ్నలమీదే పుస్తకమంతా నడుస్తుంది. మన ఇల్లాళ్ళు చదివితే ఆ మాటల్లో చాలా వాటిని తమ వంటింట్లోనే విన్నామంటారు.

నవలలను వదిలి సొంత అనుభవాలకు వస్తే నిద్ర పట్టదు. డెబొరా లేటన్ 1998లో 'సిడక్టివ్ పాయిజన్' అనే పుస్తకం రాసింది. జిమ్ జోన్స్ అనే బోధకుడి 'పీపుల్స్ టెంపుల్'లో ఆమె ముఖ్యురాలు. ఆ సంఘం మొదట్లో చేసిన పనులు వింటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. తెల్లవారూ నల్లవారూ ఒకే పంక్తిని కూర్చోని రోజుల్లో అక్కడ కలిసి కూర్చున్నారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారు. ఆ మంచిని చూసే జనం చేరారు. తర్వాత ఆస్తులు రాయించుకోవడం, ఒకరిమీద ఒకరిచేత చాడీలు చెప్పించడం, చివరికి దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లో జోన్స్‌టౌన్ అనే ఊరు. లేటన్ 1978 మే నెలలో అక్కడినుంచి తప్పించుకొంది. జబ్బుతో మంచాన ఉన్న కన్నతల్లిని ఆ అడవిలోనే వదిలి, చెప్పకుండా రావలసివచ్చింది. చెబితే ఆ తల్లి ఎవరితోనైనా అంటుందేమోనని భయం. వచ్చాక, అక్కడ సామూహికంగా చావడానికి అభ్యాసాలు జరుగుతున్నాయని ప్రమాణపత్రం రాసి ఇచ్చి హెచ్చరించింది. 1978 నవంబరు 18న 900 మందికి పైగా చనిపోయారు. వారిలో దాదాపు 300 మంది పిల్లలు. కన్నతల్లి అంతకు కొద్దిరోజుల ముందే జబ్బుతో పోయింది. ఇదంతా పాతకాలపు మాట అనుకోవద్దు. 2023లో కెన్యా దేశంలోని షకహోలా అడవిలో, ఉపవాసముండి చస్తే దేవుణ్ణి చూస్తారని నమ్మినవారి శవాలు 400కు పైగా తవ్వితీశారు.

నా చెంప చెళ్ళుమనిపించిన పుస్తకం మాత్రం మరొకటి. మేగన్ ఫెల్ప్స్ రోపర్ 2019లో రాసిన 'అన్‌ఫాలో'. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో ఆమె తాత స్థాపించిన వెస్ట్‌బరో చర్చి ఉన్నది. సైనికుల శవయాత్రల దగ్గర ద్వేషపు అట్టలు పట్టుకొని నిలబడడం వారి ఆచారం. ఆమె ఐదేళ్ళ వయసునుంచీ ఆ అట్టలు పట్టుకొంది. పెద్దదయ్యాక ట్విట్టరులో తమ చర్చి తరఫున వాదించే పని ఆమెది. తిట్టినవాళ్ళు వేలమంది. ఆ తిట్లు ఆమెను కదిలించలేదు సరిగదా, లోకం దుష్టమైనదన్న తాత మాటను రుజువు చేశాయి. కొద్దిమంది మాత్రం తిట్టకుండా ప్రశ్నలడిగారు. ఆమె బైబిలునే తెరిచి, 'ఇక్కడ ఇలా ఉన్నది గదా, మీరు చేసేది దానికి ఎలా పొసుగుతుంది?' అన్నారు. కుశలం అడిగారు. ఒక ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆ సందులోంచి వెలుగు వచ్చింది. 2012లో చెల్లెలితో కలిసి ఇల్లు వదిలింది. తల్లిదండ్రులు ఇప్పటికీ ఆమెకు ప్రియమైనవారే. ఆమె మాత్రం వారికి వెలి.

చదివి పుస్తకం మూశాను. ఆ వేలమందిలో నేనొకణ్ణి. ఎం.ఏ. చదివి, పాతికేళ్ళుగా పిల్లలకు పాఠం చెప్పి, ఒక్క ప్రశ్న అడగవలసిన చోట ఒక పరిహాసం ఆడాను.

మన తెలుగువారిలో ఇటువంటి కథ లేదా అనుకొంటారేమో. ఉన్నది, లోకమంతా ఎరిగినదే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారు కనుగొన్నారు. రాబోయే జగద్గురువు ఇతనే అన్నారు. 1911లో ఆయన పేరిట నక్షత్ర సంఘం వెలసింది. తండ్రి నారాయణయ్య, పిల్లలను తనకు ఇప్పించమని మద్రాసు హైకోర్టులో దావా వేసి 1913లో గెలిచాడు. 1914లో లండను ప్రీవీ కౌన్సిలులో అనీబిసెంటు గెలిచింది. ఆ తండ్రి గేటు బయటే మిగిలిపోయాడు. కాని ఆ కుర్రవాడే పెరిగి, 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెనులో, వేలమంది శిష్యుల ముందు తన సంఘాన్ని తానే రద్దుచేశాడు. దానంగా వచ్చిన కోటను దాతకే తిరిగి ఇచ్చాడు. గద్దెమీద కూర్చున్నవాడే లేచి తలుపులు బార్లా తెరవడం చరిత్రలో అరుదు. అయితే తెరిచిన తలుపు ముందు కూడా దిక్కుతోచక నిలబడ్డవారు ఎందరో. ఆయనను కన్నకొడుకులా చూసి, తన పిల్లలను వదిలి దేశాలు తిరిగిన ఎమిలీ లట్యెన్స్ 1957లో 'క్యాండిల్స్ ఇన్ ది సన్' అనే పుస్తకంలో ఆ సంగతులు దాపరికం లేకుండా చెప్పుకొంది.

ఇన్ని పుస్తకాల సారం నాకు ఒక్కటిగా తోచింది. మనిషి తెలివితక్కువై అక్కడికి పోడు. ఆదరణకోసం పోతాడు. తప్పని తెలిసి కూడా అక్కడే ఉండిపోతాడంటే, బయట తనకు చోటు లేదనుకొని ఉండిపోతాడు. అంచేత లోపలి గడియ ఒక్కటే చూసి లాభం లేదు. బయటినుంచి మనం పెట్టే గడియ కూడా ఒకటి ఉన్నది. నవ్వు ఒక గడియ. 'నేను అప్పుడే చెప్పాను గదా' అనేది మరొక గడియ.

ఇది తెలిశాక ఒక సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కుర్రవాడు అరుగుమీద కూర్చొని ఉన్నాడు. చిక్కిపోయాడు.

"ఆనాడు నవ్వాను. తప్పు చేశానయ్యా" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "హాస్టల్లో నాకు జ్వరం వస్తే గదిలోకి ఎవడూ రాలేదు సార్. వాళ్ళు ముగ్గురు వచ్చి రాత్రంతా కూర్చున్నారు. అట్లా పోయిన." కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు. "ఏడాదికే నాకు అనుమానం వచ్చింది సార్. వచ్చేద్దామనుకున్నప్పుడల్లా మీ నవ్వు యాదికొచ్చేది. పోతే మళ్ళీ సారు నవ్వుతడు, ఊరంతా నవ్వుతది అనుకునేవాణ్ణి."

అంటే మూడేళ్ళలో రెండేళ్ళు నా ఖాతాలో ఉన్నాయన్నమాట. నేను ఏమీ అనలేకపోయాను. అతనే లోపలికి వెళ్ళి టీ తెచ్చాడు.

ఇటువంటి కష్టం వచ్చిన ఇళ్ళకు నేను చెప్పగలిగింది కొద్దే. దూరమైనవారితో ఒక్క సంబంధమైనా తెగకుండా చూసుకోండి. పుట్టినరోజుకు ఒక ఉత్తరమైనా సరే. అందులో వాదన పెట్టకండి, ఇంటి కబుర్లు రాయండి. వాదించవలసివస్తే వాళ్ళ గ్రంథం పక్కన కూర్చొని ప్రశ్న అడగండి, జవాబుకు తొందరపెట్టకండి. డబ్బు పంపేముందు అది ఎక్కడికి పోతుందో చూసుకోండి. సర్టిఫికెట్ల అసలు కాగితాలు ఇంట్లో ఉంచుకోండి. బలవంతమో బెదిరింపో ఉన్నదని తెలిస్తే మొగమాటం లేకుండా పోలీసులను ఆశ్రయించండి. తిరిగివచ్చినవారిని కథ అంతా ఒక్కరోజున చెప్పమనకండి. దేవుణ్ణి కూడా వదిలేయమనకండి. మా కుర్రవాడు ఇప్పుడు ఆదివారాలు తాతల గుడికి వెళ్ళి వెనుక బల్లమీద కూర్చుంటున్నాడు. కొన్ని ఆదివారాలు వెళ్ళడు. వాళ్ళ అమ్మ ఎందుకని అడగదు. ఆగిన డిగ్రీ పరీక్షలకు మళ్ళీ ఫీజు కట్టాడు. నా దగ్గర తెలుగు పేపరుకు చదువుతున్నాడు.

మొన్న వానలో, అతనికి ఇచ్చిన నోట్సు కోసం రాత్రి పొద్దుపోయాక వాళ్ళ ఇంటికి వెళ్ళవలసివచ్చింది. వీధి తలుపు ఇంకా దగ్గరగానే వేసి ఉన్నది.

"కొడుకు ఇంట్లోనే ఉన్నాడు గదమ్మా, ఇప్పుడైనా గడియ పెట్టుకోకూడదా?" అన్నాను.

"వీడి దోస్తు ఒకడు ఇంకా ఆడనే ఉన్నడంట సారూ. వీడు మన ఇంటి గుర్తులు చెప్పి వచ్చిండంట" అన్నది ఆ తల్లి.